కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి: లిబరల్ ఆర్ట్స్ పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయి బే ఏరియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో చేరి, అక్కణ్ణుంచి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు (యూసీకి) మారి, హిస్టరీలో డిగ్రీ పూర్తి చేసింది. అప్పటి నుంచి ఏ గృహప్రవేశానికి వెళ్ళినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు ప్లేటు పట్టుకుని నన్ను పక్కకు పిలుస్తున్నారు. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు. ప్రతిసారీ సగం చెప్పి సగం మరిచిపోతున్నాను కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ఇదంతా కాలిఫోర్నియా లెక్క. నేను కౌన్సెలర్‌ని కాను, ఈ దారిలో పిల్లతో పాటు నడిచిన తల్లిని మాత్రమే.

కమ్యూనిటీ కాలేజీ అంటే మన ఇంటర్ లాంటిదా?

కాదు. పోల్చాలంటే మన దగ్గర పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి ఇంజనీరింగ్‌లో చేరే దారి కొంత దగ్గరగా ఉంటుంది. అక్కడ డిప్లొమా పిల్లలు బీటెక్ రెండో ఏడాదిలో చేరితే, ఇక్కడి పిల్లలు నేరుగా మూడో ఏడాదిలో చేరతారు. నాలుగేళ్ళ డిగ్రీలో మొదటి రెండేళ్ళు ఇక్కడ, మిగతా రెండేళ్ళు అక్కడ.

ఇది ఎవరో దయతలచి తెరిచిన దొడ్డిదారి కాదు. 1960లో కాలిఫోర్నియా తన ఉన్నత విద్యకు ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది. హైస్కూల్ పిల్లల్లో పైన ఉన్న ఎనిమిదో వంతు మంది యూసీకి, మూడో వంతు మంది కాల్ స్టేట్‌కి (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి), ఎవరు వచ్చినా కాదనకుండా చేర్చుకునేవి కమ్యూనిటీ కాలేజీలు, అక్కడ బాగా చదివిన వాళ్ళకు పై రెండింటిలోకి దారి. ఆ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. రాష్ట్రంలో ఇలాంటి కాలేజీలు 116 ఉన్నాయి. చివరికి వచ్చే పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది. "మా వాడు కమ్యూనిటీ కాలేజీ" అని చెప్పడానికి మన వాళ్ళు ఎందుకంత గొంతు తగ్గిస్తారో నాకు అర్థం కాదు. అంటే, అర్థమవుతుంది. మొదటి ఆర్నెల్లు నేనూ తగ్గించాను.

లిబరల్ ఆర్ట్స్ అంటే బొమ్మలు వేయడం, డ్యాన్సులా?

అవీ ఉంటాయి, అంతే కాదు. మనకు ఎంపీసీ, బైపీసీ కాకుండా మిగిలినదంతా "ఆర్ట్స్ గ్రూపు" అని అలవాటు. ఇక్కడ లిబరల్ ఆర్ట్స్ అంటే చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం, సైకాలజీ, ఎకనామిక్స్‌తో పాటు లెక్కలు, సైన్సు కూడా కొంత కొంత చదివే చదువు. స్టాటిస్టిక్స్ తప్పించుకోవచ్చని ఇందులో చేరే పిల్లలకు నిరాశే మిగులుతుంది.

ఇంకో తికమక: కాల్ స్టేట్‌లో "లిబరల్ స్టడీస్" అనే మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఉంటుంది. అది ఎక్కువగా ప్రైమరీ స్కూల్ టీచర్లు కావాలనుకునే వాళ్ళు తీసుకునేది. పేరు దగ్గరగా ఉంది కదా అని ఒకటి అనుకుని ఇంకోదానికి ప్లాన్ వేసుకున్న వాళ్ళను చూశాను.

లిబరల్ ఆర్ట్స్‌లో ఏఏ డిగ్రీ వచ్చేస్తే యూనివర్సిటీలో సీటు వచ్చినట్టేనా?

రాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే లిబరల్ ఆర్ట్స్ ఏఏ (అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్, రెండేళ్ళ డిగ్రీ) సాధారణంగా ఆ కాలేజీ సొంత డిగ్రీ. 60 యూనిట్లు (కోర్సుల బరువు కొలిచే క్రెడిట్లు) పూర్తి చేసి, అందులో కనీసం 18 యూనిట్లు ఒక విభాగంలో, అంటే హ్యుమానిటీస్‌లోనో సోషల్ సైన్సెస్‌లోనో చదివితే ఇస్తారు. మంచిదే. కానీ యూనివర్సిటీ అడిగేది ఆ కాగితం కాదు. మీ పిల్ల అక్కడ ఏ మేజర్‌లో చేరాలనుకుంటోందో దానికి ముందు చదవాల్సిన కోర్సులు చదివిందా, ఏ మేజర్ వాళ్ళయినా చదవాల్సిన జనరల్ ఎడ్యుకేషన్ అయిందా, మార్కులెంత, ఇవీ చూసేవి. ఏఏ లేకుండా యూసీలో చేరేవాళ్ళు ఉన్నారు. ఏఏ ఉండి, మేజర్ కోర్సులు లేక ఆగిపోయిన వాళ్ళూ ఉన్నారు.

దీనికి పక్కనే ఇంకో డిగ్రీ ఉంది, ఏఏ-టీ. చివర ఉన్న ఆ "టీ" అక్షరం ట్రాన్స్‌ఫర్ కోసం. 2010లో చేసిన చట్టంతో వచ్చింది. ఇంగ్లిష్, హిస్టరీ, సైకాలజీ, సోషియాలజీ, పొలిటికల్ సైన్స్, ఫిలాసఫీ, కమ్యూనికేషన్ లాంటి సబ్జెక్టుల్లో ఇస్తారు. ఇది ఉంటే కాల్ స్టేట్ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం, అక్కడ ఇంకో 60 యూనిట్లలో డిగ్రీ పూర్తయ్యేలా ఏర్పాటు. "ఎక్కడో ఒకచోట" అన్న మాట గమనించండి. శాన్ హోసేయే కావాలి, శాన్ డియేగోయే కావాలి అంటే పోటీ పడాల్సిందే. యూసీకి మాత్రం ఏఏ-టీ హామీ కాదు.

అందుకని కాల్ స్టేట్ వైపు చూసే పిల్లలకు నా సలహా: ఉత్త లిబరల్ ఆర్ట్స్ ఏఏ కన్నా ఇష్టమైన సబ్జెక్టులో ఏఏ-టీ తీసుకోండి. శ్రమ ఇంచుమించు ఒకటే.

మరి ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

చివరి నుంచి. ముందు మేజర్, క్యాంపస్ అనుకుని, అక్కణ్ణుంచి వెనక్కి రావాలి. ఖచ్చితంగా తేల్చుకోనక్కర్లేదు, రెండు మేజర్లు, మూడు క్యాంపస్‌లు అనుకున్నా చాలు.

అసిస్ట్ డాట్ ఆర్గ్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ యూసీ, ఏ కాల్ స్టేట్ కోర్సుకు సరితూగుతుందో అధికారికంగా చెప్పేది అదే. విద్యా సంవత్సరం, చదివే కాలేజీ, వెళ్ళాలనుకునే యూనివర్సిటీ, మేజర్ ఎంచుకుంటే ఒక పేజీ వస్తుంది. ఎడమవైపు యూనివర్సిటీ అడిగే కోర్సు, కుడివైపు మీ కాలేజీలో దానికి బదులు చదవాల్సిన కోర్సు. కుడివైపు కొన్నిచోట్ల సరితూగే కోర్సు లేదని రాసి ఉంటుంది. అప్పుడు పక్క ఊరి కాలేజీలో ఉందేమో చూసి అక్కడ చదవచ్చు. ఫ్రీమాంట్‌లో ఓలోనీ, కూపర్టినోలో డి ఆన్జా, శాంటా క్లారాలో మిషన్, అన్నీ అరగంట డ్రైవులో ఉన్న మనకు అదో సౌకర్యం.

మా ఇంట్లో ఏం చేశామంటే, మూడు క్యాంపస్‌ల పేజీలు ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టాం. మూడింటిలో ఉన్న కోర్సులకు పసుపు, రెండింటిలో ఉన్నవాటికి ఆకుపచ్చ. పసుపువి ముందు చదివేసింది. మేజర్ మార్చుకోవాలనిపించినప్పుడు మళ్ళీ అదే టేబుల్, అదే మార్కర్లు.

ఒక హెచ్చరిక కూడా. ఎకనామిక్స్ ఆర్ట్సే కదా అని లెక్కలు తప్పించుకునే పిల్లలు ఉంటారు. యూసీ క్యాంపస్‌లు చాలావరకు ఎకనామిక్స్‌కు కాల్క్యులస్ అడుగుతాయి. ఆ సంగతి రెండో ఏడాదిలో తెలిస్తే టెన్షన్ మామూలుగా ఉండదు.

క్యాల్-గెట్‌సీ అంటే ఏమిటి? మా పక్కింటి వాళ్ళ అబ్బాయి ఐగెట్‌సీ అన్నాడే?

ఇద్దరూ కరెక్టే. ఇవి యూనివర్సిటీకి మారేవాళ్ళు చదవాల్సిన జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల పట్టికల పేర్లు. ఇదివరకు యూసీకి ఐగెట్‌సీ, కాల్ స్టేట్‌కి ఇంకో పట్టిక ఉండేవి. 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరేవాళ్ళకు రెండింటికీ కలిపి ఒకటే, క్యాల్-గెట్‌సీ. అంతకుముందు చేరి, మధ్యలో ఆపకుండా చదువుతున్న వాళ్ళు పాత పట్టికతోనే పూర్తి చేసుకోవచ్చు.

మొత్తం 11 కోర్సులు, కనీసం 34 యూనిట్లు. ఇంగ్లిష్ రచన, క్రిటికల్ థింకింగ్, నలుగురి ముందు మాట్లాడే ఓరల్ కమ్యూనికేషన్, ఇవి మూడు. లెక్కలు లేదా స్టాటిస్టిక్స్ ఒకటి. ఆర్ట్స్ ఒకటి, హ్యుమానిటీస్ ఒకటి. సోషల్ సైన్సెస్‌లో రెండు, అవి రెండు వేర్వేరు సబ్జెక్టుల్లో. ఫిజికల్ సైన్స్ ఒకటి, బయలాజికల్ సైన్స్ ఒకటి, వాటిలో దేనికో ఒకదానికి ల్యాబ్. ఎత్నిక్ స్టడీస్ ఒకటి. ప్రతిదానిలో సి గ్రేడ్ రావాలి, సి మైనస్ చెల్లదు.

తెలివైన పని ఏమిటంటే ఒకే కోర్సు జనరల్ ఎడ్యుకేషన్‌కీ, మేజర్‌కీ పనికొచ్చేలా ఎంచుకోవడం. సైకాలజీ మేజర్ అనుకునే పిల్లకు పరిచయ సైకాలజీ, స్టాటిస్టిక్స్ రెండు పట్టికల్లోనూ పడతాయి. ఈ ఆరు కోర్సుల పేర్లు, నంబర్లు ఇప్పుడు అన్ని కాలేజీల్లో ఒకేలా మారుతున్నాయి కూడా: ఇంగ్లిష్‌లో రెండు, పబ్లిక్ స్పీకింగ్, అమెరికన్ ప్రభుత్వం, సైకాలజీ, స్టాటిస్టిక్స్. ఇదివరకు ఒకే కోర్సుకు కాలేజీకో నంబరు ఉండేది, అందరం తికమక పడేవాళ్ళం.

అన్నీ అయ్యాక, పట్టిక పూర్తయిందని చెప్పే "సర్టిఫికేషన్" కాలేజీని అడిగి పంపించుకోవాలి. చాలాచోట్ల దానంతటదే వెళ్ళదు. ఇది మరిచిపోయే పిల్లలు ఎందరో.

మీ అమ్మాయికి చివర్లో ఏదో ఇబ్బంది వచ్చిందట?

ఈ కథ నాకన్నా ముందే పార్టీలకు వెళ్తోంది. తను జియాలజీ తీసుకుంది, బాగా నచ్చింది, ఏ వచ్చింది. బయాలజీ వైపు కూడా ల్యాబ్ లేని కోర్సే తీసుకుంది. రెండు సైన్సులు అయ్యాయి అనుకున్నాం. సీటు కోసం అప్లై చేసేశాక, జనవరిలో ఒక రాత్రి తనే పట్టిక ముందు పెట్టుకుని టిక్కులు కొడుతూ "అమ్మా, ల్యాబ్ ఏదీ?" అంది. జియాలజీ ల్యాబ్ విడిగా ఒక్క యూనిట్ కోర్సు. అది తీసుకోలేదు.

స్ప్రింగ్‌లో ఆ ల్యాబ్ సెక్షన్ అప్పటికే నిండిపోయింది. వెయిట్‌లిస్ట్‌లో నాలుగో నంబరు. మొదటి రోజు క్లాసుకు వెళ్ళి తలుపు దగ్గర నిలబడి, ప్రొఫెసర్‌ను అడిగి, క్లాసులో చేరడానికి యాడ్ కోడ్ తెచ్చుకుంది. ఆ స్ప్రింగ్ అంతా ప్రతి గురువారం సాయంత్రం ఒక్క యూనిట్ కోసం రాళ్ళు గీకి చూసి, వాటి రంగు నోట్ చేసుకుని వచ్చేది. తప్పు ఎవరిదీ కాదు, మేమే చూసుకోలేదు. అప్లికేషన్ పెట్టకముందే కౌన్సెలర్‌తో కూర్చుని లైను లైను సరిచూసుకుంటే పోయేది.

రెండేళ్ళలో అయిపోతుందా?

అవుతుంది, లెక్క తప్పకపోతే. ఫుల్‌టైమ్ అంటే సెమిస్టర్‌కు 12 యూనిట్లు. ఆ లెక్కన నాలుగు సెమిస్టర్లకు 48 మాత్రమే వస్తాయి, కావాల్సింది 60. సెమిస్టర్‌కు 15 చదవాలి, లేదా వేసవిలో పూడ్చుకోవాలి. సెమిస్టర్లకు బదులు క్వార్టర్ల లెక్కన నడిచే డి ఆన్జా, ఫుట్‌హిల్ లాంటి కాలేజీల్లో 60కి బదులు 90 క్వార్టర్ యూనిట్లు.

ఇంతకన్నా అసలు విషయం ఇంకోటి. పేరుకు రెండేళ్ళు, అప్లై చేసేనాటికి చేతిలో ఉండేది ఒక్క ఏడాది మార్కులే. ఆగస్టులో చేరిన పిల్ల మరుసటి అక్టోబర్, నవంబర్‌లలో యూసీకీ కాల్ స్టేట్‌కీ అప్లికేషన్ పెట్టాలి. రెండు సెమిస్టర్లు, ఒక వేసవి, అంతే. మొదటి సెమిస్టర్ "అలవాటు పడటానికి" అని వదిలేస్తే సగం మార్కులు పోయినట్టే. ఆ తర్వాతి మార్కులు జనవరిలో యూసీకి అప్‌డేట్ చేస్తారు. ఫలితాలు ఏప్రిల్ చివరికల్లా వస్తాయి, చేరతామని యూసీకి చెప్పడానికి గడువు జూన్ 1.

మూడేళ్ళు పట్టినా పాపం ఏమీ లేదు. పక్కన ఉద్యోగం చేసే పిల్లలకు అదే నయం.

ట్యాగ్ అంటే సీటు గ్యారంటీయేనా?

అవును, ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) నిజంగానే గ్యారంటీ, షరతులు నిలబెట్టుకుంటే. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు యూసీ క్యాంపస్‌లు కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ పిల్లలకు ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఇవ్వవు. ఆరింటిలో ఒక్కదానికే పెట్టుకోవాలి, సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు. తర్వాత మామూలు యూసీ అప్లికేషన్ కూడా పెట్టాలి, ట్యాగ్ ఒక్కటి పెట్టి ఊరుకుంటే సీటు లేదు. యూసీకి కనీస జీపీఏ రాష్ట్రం పిల్లలకు 2.4, బయటి వాళ్ళకు 2.8. ట్యాగ్‌కు అంతకన్నా ఎక్కువే కావాలి, క్యాంపస్‌ను, మేజర్‌ను బట్టి మారుతుంది. కొన్ని మేజర్లకు అసలు ట్యాగ్ ఉండదు.

బర్క్‌లీ మీదే మనసున్నా ట్యాగ్ పెట్టి ఉంచడంలో నష్టం లేదు. రాత్రిళ్ళు నిద్ర పడుతుంది.

మా వాడు తొమ్మిదో క్లాసు నుంచే వేసవిలో కమ్యూనిటీ కాలేజీ కోర్సులు చేస్తున్నాడు. మంచిదేనా?

బాగా చేస్తే మంచిదే. కానీ మన వాళ్ళు ఇదేదో సమ్మర్ క్యాంప్ అనుకుంటున్నారు. పద్నాలుగేళ్ళప్పుడు వచ్చిన సి కూడా కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో శాశ్వతంగా ఉంటుంది. ఆ ట్రాన్‌స్క్రిప్ట్ ప్రతి అప్లికేషన్‌తోనూ పంపాలి, దాచకూడదు. పైగా సి వచ్చిన కోర్సును మార్కులు పెంచుకోవడానికి మళ్ళీ చదవనివ్వరు. డి, ఎఫ్ వస్తే చదవచ్చు. ఈ వింత లెక్క ఎవరికి చెప్పినా నమ్మరు.

హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల స్కోర్లు జనరల్ ఎడ్యుకేషన్‌లో చాలా గడులు నింపుతాయి. క్రిటికల్ థింకింగ్, ఓరల్ కమ్యూనికేషన్ మాత్రం క్లాసులో కూర్చుని చదవాల్సిందే.

ఫీజులు ఎంత?

కాలిఫోర్నియా నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు. 60 యూనిట్లకు 2,760. క్వార్టర్ కాలేజీల్లో యూనిట్‌కు 31. మొదటిసారి ఫుల్‌టైమ్ చేరే పిల్లలకు చాలా కాలేజీలు రెండేళ్ళు ఆ ఫీజు కూడా తీసుకోవు. యూసీలో రాష్ట్రం పిల్లలకు ట్యూషనే ఏడాదికి సుమారు 15 వేల డాలర్లు, హాస్టల్, తిండి వేరే. పుస్తకాలు, పార్కింగ్ పర్మిట్ మాత్రం ఎక్కడైనా తప్పవు.

మేం హెచ్-1 మీద ఉన్నాం, పిల్ల హెచ్-4. తనకీ ఇదే ఫీజా?

కావచ్చు. హెచ్-4 వాళ్ళు కాలిఫోర్నియా నివాసులుగా గుర్తింపు పొందడానికి అడ్డు లేదు. సెమిస్టర్ మొదలయ్యే ముందు ఏడాదికి పైగా ఇక్కడ ఉన్నట్టు, ఇక్కడే ఉండే ఉద్దేశం ఉన్నట్టు కాగితాలు చూపాలి. ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం మాత్రం రాదు.

అసలు చిక్కు 21వ పుట్టినరోజు. గ్రీన్‌కార్డ్ క్యూలో ఏళ్ళ తరబడి ఉన్న మన కుటుంబాలకు ఇది చెప్పనక్కర్లేదు. హెచ్-4 ఆ రోజుతో పోతుంది, చాలామంది స్టూడెంట్ వీసా అయిన ఎఫ్-1కు మారతారు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు నివాసి హోదా సంపాదించుకోలేరు కాబట్టి బయటి ఫీజు మీద పడే ప్రమాదం ఉంది. యూసీలో ఆ అదనపు ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 30 వేల డాలర్లకు పైమాట. చదువు ప్లాన్ వేసేటప్పుడే పిల్ల పుట్టినతేదీ పక్కన రాసుకుని, ఏ సెమిస్టర్‌లో 21 వస్తుందో చూసుకోండి. కాలేజీ రెసిడెన్సీ ఆఫీసునూ, ఇమిగ్రేషన్ లాయర్‌నూ ఏడాది ముందే అడగండి. పార్టీల్లో నన్ను కాదు.

హైదరాబాద్‌లో ఇంటర్ అయిన మా తమ్ముడి కొడుకు నేరుగా ఇలా రావచ్చా?

రావచ్చు, ఎఫ్-1 మీద. ట్యాగ్ కూడా వర్తిస్తుంది. ఫీజు యూనిట్‌కు వందల డాలర్లు. ప్రతి సెమిస్టర్ 12 యూనిట్లు తప్పనిసరి, ఆ లెక్కలో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటికి మించి చెల్లదు. ఇంకొకటి, లిబరల్ ఆర్ట్స్ మేజర్లలో చాలావాటికి డిగ్రీ తర్వాత ఉద్యోగానికి దొరికే ఓపీటీ ఏడాదే. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) వాళ్ళకుండే 24 నెలల పొడిగింపు వాటికి లేదు. అప్పు చేసి పంపేటప్పుడు ఇది చెప్పి పంపండి.

యూసీకి ఎస్‌ఏటీ, సిఫార్సు లేఖలు కావాలా?

ఎస్‌ఏటీ అసలు చూడరు, లేఖలు మామూలుగా అడగరు. నాలుగు ప్రశ్నలకు పిల్ల స్వయంగా జవాబు రాయాలి, ఒక్కోటి 350 పదాలు మించకుండా. వాటిలో ఒకటి తప్పనిసరి: మేజర్‌కు ఎలా సిద్ధమయ్యావు అన్నది. అమెరికాకు వలస వచ్చిన అమ్మానాన్నల కష్టాల మీద మా అమ్మాయి ఒక వ్యాసం రాసింది. చదివి నేను ఏడ్చాను. తను మాత్రం "ఇందులో నేను లేను" అని చించేసి, లైబ్రరీలో పార్ట్‌టైమ్ చేస్తూ పాత వార్తాపత్రికలు సర్దిన సంగతి రాసింది.

ఇది చదివితే ఉద్యోగం వస్తుందా?

సాఫ్ట్‌వేర్‌లో వచ్చినట్టు వరసపెట్టి రాదు. లా స్కూలుకు ఫలానా మేజరే ఉండాలని లేదు. మెడికల్ స్కూలుకూ అంతే, వాళ్ళు అడిగే సైన్సు కోర్సులు ఉంటే హిస్టరీ పిల్ల కూడా వెళ్ళొచ్చు. రాయడం వచ్చినవాళ్ళకు పని దొరుకుతుందని నా నమ్మకం. అది నమ్మకమే, లెక్క కాదు. ఇంకో ముచ్చట: బర్క్‌లీలో తెలుగు నేర్పుతారు. ఇంట్లో నేను పదిహేనేళ్ళు బతిమాలినా "అ ఆ"లు దిద్దని పిల్లలు యూనిట్లు వస్తాయంటే దిద్దుతారు.

మేం టెక్సస్‌లో ఉన్నాం. ఇవన్నీ మాకూ వర్తిస్తాయా?

పేర్లు మారతాయి. టెక్సస్‌లో 42 గంటల కోర్ కరిక్యులమ్, రాష్ట్రమంతటికీ ఉమ్మడి కోర్సు నంబర్లు ఉన్నాయి. న్యూజెర్సీలో కౌంటీ కాలేజీ డిగ్రీ మీద రాష్ట్రవ్యాప్త ట్రాన్స్‌ఫర్ ఒప్పందం ఉంది. చివరి నుంచి వెనక్కి ప్లాన్ వేసుకోవడం మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

కౌన్సెలర్ దగ్గరకు నేనూ వెళ్ళొచ్చా?

పిల్ల రమ్మంటే వెళ్ళండి. కాలేజీలో చేరాక, పద్దెనిమిది నిండకపోయినా, మార్కులూ రికార్డులూ పిల్లవే. వాళ్ళ అనుమతి లేకుండా మనం ఫోన్ చేసి అడిగితే చెప్పరు, ఫెర్పా అని 1974 నాటి ఫెడరల్ చట్టం. నేను ఒకసారి ఫోన్ చేశాను. అవతలి ఆమె ఎంతో మర్యాదగా "మీ అమ్మాయిని అడగండి" అంది. ఆ తర్వాత కౌన్సెలింగ్ ఉన్న రోజుల్లో నా పని కారు నడపడం, పార్కింగ్ లాట్‌లో కూర్చుని ఫ్లాస్కులో టీ తాగడం. తను బయటికొచ్చాక చెప్పినంత విని, చెప్పనిది మర్నాడు పసుపు, ఆకుపచ్చ మార్కర్లను బట్టి ఊహించుకునేదాన్ని.